బొటనవేలు పక్కన బుడిపె: ఆపరేషన్ తప్పదా, చెప్పులు మారిస్తే సరిపోతుందా?

సుబేదారి టీచర్
అందరికీ నమస్తే. నాకు 47 ఏళ్లు, హైస్కూల్లో లెక్కలు చెప్తాను. పొద్దంతా నిలబడే ఉద్యోగం. కుడికాలు బొటనవేలు మొదట్లో, లోపలి పక్కన, ఒక బుడిపె చాలా ఏళ్ల నుంచి ఉంది. చూడ్డానికి బాగాలేదన్న దిగులే తప్ప ఇన్నాళ్లూ నొప్పి లేదు. ఈ ఏడాది మధ్యాహ్నం పీరియడ్ల వేళకు అక్కడ మంట మొదలవుతోంది. బొటనవేలు రెండో వేలి మీదికి ఒరిగింది. మెట్టె అంచు తగిలి వేలి చర్మం చెక్కుకుపోతోంది. సాయంత్రం చెప్పు విప్పితే బుడిపె ఎర్రగా, ముట్టుకుంటే వేడిగా ఉంటోంది.

మా అమ్మవీ ఇవే పాదాలు. ఆమెకు షుగర్ కూడా ఉంది, అదొక టెన్షన్.

స్టాఫ్ రూంలో తలా ఒక మాట చెప్తున్నారు. ఎముక పెరిగింది, గీకించుకుంటే పోతుందని ఒకరు. రాత్రిపూట పట్టీ కట్టుకుంటే వేలు తిన్నగా అవుతుందని ఇంకొకరు. ఆపరేషన్ చేయించుకున్నా మళ్లీ వస్తుంది, డబ్బు దండగ అని మరొకరు. డాక్టర్ దగ్గరికి వెళ్లేముందు ఏం తెలుసుకోవాలో, ఏం అడగాలో చెప్పండి.

కాజీపేట అన్న
మా ఇంట్లో మీ చెల్లెకు కూడా ఇదే బాధ, మేడం. ఆన్‌లైన్‌లో తెప్పించిన పట్టీ రాత్రి కట్టుకుని పడుకుంటుంది. పొద్దున విప్పగానే వేలు కొంచెం తిన్నగా కనిపిస్తుంది. మధ్యాహ్నానికి మళ్లీ మామూలే. ఇంకా ఎన్ని నెలలు కట్టాలో తెలిసినవాళ్లు చెప్పండి.

హన్మకొండ ఫిజియో
మేడం, అక్కడ కొత్తగా ఎముకేమీ పెరగలేదు. పాదం మధ్యలో నుంచి బొటనవేలి దాకా ఒక పొడవాటి ఎముక వస్తుంది. ఇలాంటి బుడిపెను ఇంగ్లీషులో బనియన్ (bunion) అంటారు. అది ఉన్నవాళ్లలో ఆ ఎముక ముందు కొస లోపలి పక్కకు, అంటే రెండో పాదం వైపు జరుగుతుంది. బొటనవేలు దానికి ఎదురు దిక్కులో మిగతా వేళ్ల మీదికి ఒరుగుతుంది. ఈ రెండూ కలిసే కీలు దగ్గర వంపు తిరిగి ఎముక తల బయటికి పొడుచుకొస్తుంది. మనకు కనిపించే బుడిపె అదే. దాని మీద చెప్పు రాసుకుని రాసుకుని చర్మం కింద ఉండే చిన్న నీటి తిత్తి వాస్తుంది. మీరు చెప్పిన ఎరుపు, వేడి ఎక్కువగా దానివల్లే.

వేలు ఒకసారి ఒరిగాక దాన్ని కదిపే నరాల్లాంటి కండర తాళ్లు కూడా పక్కకు జారి వింటినారిలా ఇంకా అటే లాగుతాయి. అందుకే ఇది ఏళ్ల మీద నెమ్మదిగా పెరుగుతుంది గానీ దానంతట అది వెనక్కి పోదు. ఎంత వేగంగా పెరుగుతుందన్నది మనిషిని బట్టి ఉంటుంది. కొందరికి పదేళ్లయినా అంతే ఉంటుంది.

మీ అమ్మగారికీ ఉందన్నారు కదా, ఇది కుటుంబాల్లో నడిచే సమస్యే. పాదం ఆకారం, కీళ్ల వదులు, చదును పాదం ఇవి తల్లిదండ్రుల నుంచి వస్తాయి. దానికి ఇరుకు మూతి చెప్పులు, ఎత్తు మడమలు తోడైతే నొప్పి ముదురుతుంది. కీళ్లవాతం ఉన్నవాళ్లలోనూ ఎక్కువగా చూస్తాం. ఆడవాళ్లలో ఎక్కువ, వయసుతో పెరుగుతుంది. చాలా దేశాల అధ్యయనాలు కలిపి 2010లో లెక్క వేస్తే 18 నుంచి 65 ఏళ్లవాళ్లలో సుమారు 23 శాతం మందికి, 65 దాటినవాళ్లలో సుమారు 36 శాతం మందికి ఉన్నట్టు తేలింది. నాకొక్కదానికే ఇట్లా అయిందని బాధపడకండి.

కాజీపేట అన్నా, ఆ పట్టీ కట్టుకున్నంతసేపే వేలిని పట్టి ఉంచుతుంది. విప్పాక బరువు వేసి నడిస్తే ఎప్పటి చోటికే పోతుంది. పెద్దవాళ్లలో ఎన్ని నెలలు కట్టినా ఎముకల వంపు శాశ్వతంగా సరికాదు. వదినకు దానివల్ల హాయిగా ఉంటే కట్టుకోనివ్వండి, తప్పు లేదు. వేలు తిన్నగా అవుతుందన్న ఆశతో మాత్రం వద్దు. వేళ్ల మధ్య పెట్టుకునే మెత్తటి సిలికాన్ ముక్కలు కూడా అంతే. రాపిడి తగ్గిస్తాయి, వంపును తగ్గించవు.

టీచర్ మేడం, డాక్టర్ కంటే ముందు ఇంట్లో ఈ పని చేయండి. సాయంత్రం పూట, పాదాలు కొద్దిగా ఉబ్బి ఉన్నప్పుడు, తెల్లకాగితం మీద పూర్తి బరువు వేసి నిలబడండి. పెన్సిల్ నిటారుగా పట్టుకుని పాదం చుట్టూ వేరేవాళ్లతో గీయించుకోండి. మీరే వంగి గీస్తే బరువు ఒక పక్కకు పోయి కొలత తప్పుతుంది. ఆ బొమ్మ మీద మీరు రోజూ వేసుకునే చెప్పు పెట్టి చూడండి. గీత చెప్పు అంచు దాటి బయటికి కనిపిస్తే మీ వేళ్లు రోజంతా అంత మేర నలుగుతున్నాయన్నమాట.

ఓరుగల్లు కోడలు
మెట్టెల వల్ల వస్తుందా ఇది? నాకు పెళ్లయి ఆరేళ్లు. అత్తగారింటి వెండి మెట్టెలు చాలా లావు. బొటనవేలికి ఒరుసుకుంటాయి. తీస్తానంటే ఇంట్లో ఒప్పుకోరు.

హన్మకొండ ఫిజియో
మెట్టె వల్ల బనియన్ వస్తుందని చెప్పలేం చెల్లె. కానీ వేలు ఇప్పటికే ఒరిగి ఉంటే లావు మెట్టె రెండు వేళ్ల మధ్య నలిగి చర్మం ఒరుస్తుంది, ఆనెకాయ కడుతుంది, ఒక్కోసారి పుండు పడుతుంది. సన్నటి, అంచులు నున్నగా ఉన్న, సాగే రకం మెట్టె చేయించుకుంటే ఇంట్లో మాటా నిలుస్తుంది, వేలూ బాగుంటుంది. వాపు వచ్చినప్పుడు మాత్రం వెంటనే తీసేయాలి. వేలు ఉబ్బాక మెట్టె ఇరుక్కుంటే కత్తిరించి తీయాల్సి వస్తుంది.

గోదావరిఖని కార్మికుడు
నాది వేరే అనుభవం, పనికొస్తుందని రాస్తున్నా. గనిలోకి ముక్కు గట్టిగా ఉండే సేఫ్టీ బూట్లు వేసుకుని దిగుతాం. నాకూ బొటనవేలు మొదట్లో కొంచెం బుడిపె ఉండేది. ఒక రాత్రి నిద్రలో అక్కడ నొప్పి లేచింది. దుప్పటి తగిలినా తట్టుకోలేకపోయాను. తెల్లారేసరికి ఎర్రగా వాచి నిగనిగలాడుతోంది. బూట్ల వల్లే అని అందరూ అన్నారు. డాక్టర్ చూసి ఇది గౌట్ అన్నాడు, అంటే ఒంట్లో యూరిక్ యాసిడ్ ఎక్కువై కీలులో పేరుకునే జబ్బు. దానికి మందు వేరే, తిండి జాగ్రత్తలు వేరే. బుడిపె ఉంది కదా అని ప్రతి నొప్పినీ దాని ఖాతాలో వేయకండి.

ఆర్థో పీజీ
గోదావరిఖని అన్న చెప్పింది చాలా ముఖ్యం. బనియన్ నొప్పి నెమ్మదిగా పెరుగుతుంది, చెప్పు వేసుకుంటే ఎక్కువ, విప్పితే తక్కువ. గంటల వ్యవధిలో కీలు ఎర్రబడి, నిప్పులా కాలితే గౌట్ కావచ్చు. జ్వరం కూడా ఉంటే కీలులో చీము పట్టిందేమో చూడాలి, అది ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాల్సిన విషయం. ఇంకో మాట: గౌట్ నొప్పి లేచిన రోజు రక్తపరీక్షలో యూరిక్ యాసిడ్ మామూలుగానే కనిపించవచ్చు. ఆ ఒక్క రిపోర్టు చూసి గౌట్ కాదని తేల్చేసుకోకూడదు.

బుడిపె పక్కన కాకుండా వేలి పైభాగంలో ఉండి, వేలు పైకి వంచితే నొప్పి పెడుతూ, కీలు బిగుసుకుపోతే అది కీలు అరుగుదల. చిటికెన వేలి పక్కన వచ్చే బుడిపె ఇంకొకటి ఉంది. చికిత్స వేటికవే వేరు. అందుకే ఫోటో పెట్టి ఇది బనియనేనా అని అడిగితే మేం ఖాయంగా చెప్పలేం.

టీచర్ మేడం, డాక్టర్ ఎక్స్‌రే రాస్తే ఒక్కటి గుర్తుపెట్టుకోండి. పాదం మీద బరువు వేసి నిలబడి తీయించుకోవాలి. పడుకోబెట్టి తీస్తే వంపు తక్కువగా కనిపిస్తుంది. అందులో రెండు కోణాలు కొలుస్తాం. బొటనవేలు ఒరిగిన కోణం 15 డిగ్రీలు దాటితే బనియన్ అంటాం. 20 వరకు తక్కువ, 20 నుంచి 40 మధ్యస్థం, 40 దాటితే తీవ్రం. పాదంలోని మొదటి రెండు పొడవాటి ఎముకల మధ్య కోణం మామూలుగా 9 డిగ్రీల లోపు ఉండాలి. ఏ ఆపరేషన్ సరిపోతుందో తేల్చడానికి ఈ కొలతలు కావాలి. ఆపరేషన్ అసలు కావాలా అన్నది తేల్చేది మాత్రం మీ నొప్పి. 35 డిగ్రీలుండి హాయిగా తిరిగేవాళ్లున్నారు. 20 డిగ్రీలకే నడవలేనివాళ్లున్నారు.

నర్సంపేట రైతుబిడ్డ
మా తాతలు జీవితమంతా వట్టికాళ్లతో పొలాల్లో నడిచారు, వాళ్లకెప్పుడూ ఇది లేదు. ఈ రోగం చెప్పులతోనే వచ్చింది. చెప్పులు విడిచి నడిస్తే అదే పోతుంది కదా?

హన్మకొండ ఫిజియో
మీ మాటలో నిజం ఉంది అన్నా. 1958లో హాంకాంగ్‌లో చెప్పులు వేసుకునేవాళ్లనూ వేసుకోనివాళ్లనూ పోల్చి చూశారు. వేసుకునేవాళ్లలో దాదాపు 33 శాతం మందికి ఎంతో కొంత వంపు ఉంది. వేసుకోనివాళ్లలో 2 శాతం మందికే ఉంది. కానీ ఆ 2 శాతం మందికి వట్టికాళ్లతో నడిచినా వచ్చింది కదా. పుట్టుకతో వచ్చిన పాదం తీరు కూడా లెక్కలోకి వస్తుంది. పైగా రాకుండా ఉండటం వేరు, వచ్చింది పోవడం వేరు. వంపు తిరిగిన కీలు చెప్పులు విడిస్తే తిన్నగా కాదు. ఇప్పుడు మనం నడిచేది పొలం గట్ల మీద కూడా కాదు, రోజంతా గట్టి టైల్స్ మీద. నొప్పి ఉన్నవాళ్లకు ఇంట్లో కూడా మెత్తటి అడుగున్న చెప్పు మేలు.

జగిత్యాల అక్క
నేను ఆపరేషన్ చేయించుకున్నదాన్ని కాబట్టి వివరంగా రాస్తా. రెండేళ్లు వెడల్పు చెప్పులు, ప్యాడ్లు, అన్నీ చూసినా. రెండో వేలు వంకర తిరిగి పైకి లేచింది, అరికాలి కింద ఆనెకాయ కట్టింది. చివరికి హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రిలో చేయించుకున్నా. గీకడం కాదు, ఎముకను కోసి పక్కకు జరిపి చిన్న స్క్రూలు వేసిండ్రు.

ఆపరేషన్ అయినంక మడమ మీదే బరువు పడే ఒక గట్టి చెప్పు ఇచ్చిండ్రు. ఆరు వారాలు దాంతోనే. మడమ కింద ఎత్తు, ముందు భాగం గాలిలో. ఆ ఎత్తుకు సమంగా రెండో కాలికి కూడా లావు అడుగున్న చెప్పు వేసుకోకపోతే నడుం పట్టేస్తది. ఈ మాట నాకు ఎవ్వరూ చెప్పలే, పక్క బెడ్ ఆమెను చూసి నేర్చుకున్నా. మాది నేల మీది దొడ్డి. గొంతుక్కూచుంటే వేళ్ల మీద బరువు పడుతది. అందుకే కమోడ్ కుర్చీ ముందే కొని పెట్టుకోండి. స్నానానికి ప్లాస్టిక్ స్టూల్, కట్టు తడవకుండా కవర్. మొదటి రెండు వారాలు కాలు గుండె కంటే ఎత్తులో పెట్టుకుని పడుకోవాలె, కిందికి దించితే చాలు వేళ్లు నీలంగా మారి సలుపు.

నాకు కోపం తెప్పించింది ఒకటే. ఆరు వారాలకు మామూలు మనిషివైతవ్ అన్నరు ఆ ఆసుపత్రిలో. వాపు నెలల తరబడి ఉంటదని చెప్పలే. సద్దుల బతుకమ్మ నాటికి తిరిగి ఆడొచ్చు అనుకున్న, అరగంటకే పాదం ఉబ్బి కూర్చున్నా. ముందే చెప్తే మనసు సిద్ధం చేసుకునేదాన్ని కదా. ఇప్పుడు నొప్పి లేదు, బజారుకు నడిచి పోతున్నా. చేయించుకున్నందుకు సంతోషమే.

ఆర్థో పీజీ
జగిత్యాల అక్క రాసింది ప్రతి పేషెంటుకూ ప్రింట్ తీసి ఇవ్వాల్సిన మాట. ఎముక అతుక్కోవడానికి 6 నుంచి 12 వారాలు, వాపు పూర్తిగా దిగడానికి ఆరు నెలలు, కొందరికి ఏడాది. ఇది ఆపరేషన్ పాడవడం కాదు. గుండెకు అంత కింద ఉన్న అవయవం అలాగే మానుతుంది.

బుడిపెను గీకడం ఒక్కటే చేస్తే వంపు అలాగే ఉండిపోతుంది, చాలామందికి మళ్లీ పొడుచుకొస్తుంది. "ఆపరేషన్ చేసినా తిరిగొస్తుంది" అన్న మాట జనంలో ఉండటానికి అదొక కారణం. ఇప్పుడు వంపును బట్టి ఎముకను కోసి జరుపుతాం. షెవ్రాన్, స్కార్ఫ్ అనేవి ఆ పద్ధతులే. ఆ పొడవాటి ఎముక మొదలు దగ్గర, పాదం మధ్యలో ఉన్న కీలు వదులుగా ఉంటే లాపిడస్ అని ఆ కీలును అతికిస్తాం. వేలి కీలే అరిగిపోతే దాన్ని బిగిస్తాం. చిన్న రంధ్రాల ద్వారా చేసే పద్ధతి కూడా ఉంది. ఎముకను కోసేది అందులోనూ నిజమే కాబట్టి మానే సమయం తప్పదు.

ఏది చేసినా కొందరికి మళ్లీ వంపు రావచ్చు, కీలు బిగుసుకోవచ్చు, వేలి పక్కన తిమ్మిరి మిగలవచ్చు, రెండో వేలి కింద కొత్తగా నొప్పి రావచ్చు. అందుకే చూడ్డానికి బాగాలేదని, పెళ్లిలో హీల్స్ పట్టడం లేదని వచ్చేవాళ్లకు నేను ఆపరేషన్ వద్దనే చెప్తాను. సరైన చెప్పులు వేసుకున్నా రోజువారీ నడక కష్టమైతేనే దాని గురించి ఆలోచించాలి. బీడీ, సిగరెట్ తాగేవాళ్లు ముందే మానేయాలి, పొగతో ఎముక అతుక్కోవడం ఆలస్యమవుతుంది.

కరీంనగర్ తల్లి
మా పాపకు 12 ఏళ్లు. అప్పుడే వేలు ఒరిగింది. స్కూల్ షూ నల్లది, ముందు ఇరుకు. ఇప్పుడే ఆపరేషన్ చేయిస్తే పెద్దయ్యాక బాధ ఉండదని బంధువులు అంటున్నారు. ఒకాయన కట్టు కట్టేవాళ్ల దగ్గరికి తీసుకుపొమ్మన్నాడు.

ఆర్థో పీజీ
తొందరపడకండి అమ్మా. ఎముకలు ఇంకా పెరుగుతున్న వయసు. ఇప్పుడు చేస్తే తిరిగొచ్చే అవకాశం పెద్దవాళ్లకంటే ఎక్కువ. ఎదుగుదల ఆగేదాకా మామూలుగా ఆగుతాం. ఒకసారి ఆర్థోకు చూపించి, కీళ్ల వదులు, చదును పాదం ఉన్నాయేమో తెలుసుకోండి. షూ మాత్రం ఇప్పుడే మార్చండి, పిల్లల పాదం ఏడాదిలోనే సైజు దాటిపోతుంది. కట్టు సంగతి: ఇది పడి కీలు తప్పింది కాదు, లాగి కూర్చోబెట్టడానికి. బలంగా లాగి బిగించి కడితే పాపకు నొప్పి తప్ప ఫలితం ఉండదు.

సుబేదారి టీచర్
ఇంతమంది ఇంత ఓపికగా రాస్తున్నారు, చాలా థాంక్స్. ఫిజియో గారు చెప్పినట్టు మా అబ్బాయితో పాదం గీయించాను. నా స్కూల్ చెప్పు బుడిపె దగ్గర గీతకు వేలెడు లోపలికి ఉంది! అమ్మది కూడా గీద్దామని పాదం పట్టుకుంటే, బుడిపె మీద ఒక తెల్లటి కార్న్ ప్లాస్టర్ అతికించి ఉంది. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుందట. నొప్పేమీ లేదంటోంది. ఫరవాలేదా?

ములుగు స్టాఫ్ నర్స్
మేడం, అది ఇప్పుడే తీసేయండి. ఆనెకాయ ప్లాస్టర్లలో చర్మాన్ని కరిగించే యాసిడ్ ఉంటుంది. షుగర్ ఉన్నవాళ్లకు పాదంలో స్పర్శ తగ్గి ఉంటుంది, మంచి చర్మం కూడా కాలిపోతున్నా తెలియదు. అమ్మ నొప్పి లేదన్నది మంచి కబురు అనుకోకండి. తీశాక చర్మం తెల్లగా నానినట్టున్నా, రసి కారుతున్నా, చుట్టూ ఎర్రగా ఉన్నా ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చూపించండి. బ్లేడుతో గీకడం కూడా వద్దు.

షుగర్‌తో బనియన్ కలిస్తే భయం వంకర గురించి కాదు, పుండు గురించి. బుడిపె మీద, వేళ్ల సందుల్లో, అరికాలి ముందు భాగంలో రాపిడి పడి పుండు అవుతుంది. రోజూ రాత్రి మీరే అమ్మ పాదాలు దీపం వెలుగులో చూడండి, అరికాలికి అద్దం పెట్టండి. చెప్పు వేసుకునే ముందు లోపల చెయ్యి పెట్టి రాయి, మేకు లేదని చూడాలి. మేడారం జాతరకు, గుడికి వెళ్లినప్పుడు వట్టికాళ్లతో ఎండలో కాలే నేల మీద నడిచి బొబ్బలతో వచ్చేవాళ్లను మేం చూస్తూనే ఉంటాం. సాయంత్రమో తెల్లవారుజామునో వెళ్లి దండం పెట్టుకోమనండి. వేడినీళ్ల కాపడం కూడా వద్దు, వేడి తెలియక కాలుతుంది.

ఆమెకు మెత్తటి ఎంసీఆర్ రబ్బరు అడుగున్న చెప్పులు తీసుకోండి. వేళ్ల మధ్య పట్టీ లేనివి, వెనక మడమకు పట్టీ ఉన్నవి, పైన వెల్క్రోతో వదులు చేసుకునేవి. నొప్పి మాత్రలు సొంతంగా ఇవ్వకండి, షుగర్, బీపీ ఉన్నవాళ్లకు కిడ్నీ మీద పడుతుంది.

కాజీపేట అన్న
చెప్పుల సంగతి వచ్చింది కాబట్టి: కొత్తవి కొనడమే దారి కాదు. మా కాలనీ దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయనకు పట్టీ సరిగ్గా బుడిపె మీద పడుతోందని చూపిస్తే, కుట్టు విప్పి పట్టీని రెండు వేళ్ల వెడల్పు వెనక్కి జరిపి మళ్లీ కుట్టిచ్చాడు. మీ చెల్లెకు ఆ చెప్పుతో హాయిగా ఉంది.

హన్మకొండ ఫిజియో
చాలా మంచి పని అన్నా. కొనేవాళ్లు సాయంత్రం కొనండి, రెండు పాదాల్లో పెద్దదానికి సరిపోయేది తీసుకోండి. నిలబడి చూస్తే పొడుగు వేలి ముందు అర అంగుళం ఖాళీ ఉండాలి. "వేసుకుంటుంటే సాగుతుంది" అని షాపులో అంటే తీసుకోవద్దు. సాగేలోపు మీ వేలు నలిగిపోతుంది. దాంతోపాటు వేళ్లను విసనకర్రలా విప్పడం, పిక్కల సాగతీత రోజూ చేస్తే నొప్పికి ఉపశమనం ఉంటుంది.

సుబేదారి టీచర్
ప్లాస్టర్ తీసేశాను. చర్మం తెల్లగా ఉంది కానీ పుండు లేదు. రేపు ఎంజీఎం ఆసుపత్రిలో ఇద్దరికీ ఓపీ చూపిస్తాను. ఒకవేళ నాకు ఆపరేషన్ అంటే ఎండాకాలం సెలవుల్లో చేయించుకుని జూన్‌లో బడికి వెళ్లొచ్చా డాక్టర్ గారూ? ఎడమకాలికీ చేయించాల్సి వస్తే రెండు పాదాలూ ఒకేసారి అడగనా?

ఆర్థో పీజీ
ముందు వెడల్పు చెప్పులతో కొన్ని నెలలు చూడండి మేడం, మీకు ఆపరేషన్ అవసరమే రాకపోవచ్చు. వస్తే మాత్రం సెలవులు ఒక్కటే సరిపోవు. కూర్చుని చేసే పనికి ఆరు వారాల్లో వెళ్లొచ్చు. మీది నిలబడే ఉద్యోగం, రెండు మూడు నెలలు అనుకోండి. సెలవులు మొదలైన వారంలోనే చేయించుకుని, జూన్‌లో మెడికల్ లీవ్ కలుపుకుని, ఆ తర్వాత కొన్ని వారాలు కుర్చీలో కూర్చుని పాఠం చెప్పేలా హెచ్ఎం గారితో ముందే మాట్లాడుకోండి. రెండు పాదాలూ ఒకేసారి వద్దు, మంచం దిగడానికి ఒక కాలైనా ఉండాలి. ఖర్చు గురించి ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర డెస్క్ దగ్గర కార్డు చూపించి అడగండి. రేపు అమ్మగారిని ముందు చూపించండి, పాదంలో స్పర్శ, నాడి రెండూ పరీక్షించమని అడగండి.